హీట్ ముల్లు ఎందుకు ఊగుతుంది? రాయలసీమ ఎండలో కారు ఇంజన్ వేడి లెక్క

క్లుప్తంగా: కారు టెంపరేచర్ ముల్లు పైకీ కిందికీ ఊగడానికి అరడజను వేర్వేరు లోపాలు కారణం కావచ్చు. ముల్లు ఎప్పుడు లేస్తోంది, ఎప్పుడు దిగుతోంది, ఎంత వేగంగా కదులుతోంది అన్న మూడు సంగతులు గమనిస్తే, సామాను కొనకముందే లోపం ఎక్కడుందో చాలావరకు తేలిపోతుంది. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఎండకు తోడు బోరు నీళ్లు కూడా రేడియేటర్‌ను దెబ్బతీస్తున్నాయి.

మే నెల మధ్యాహ్నం. కర్నూలు దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్ వైపు పోతున్నంతసేపూ ముల్లు సగం దగ్గర కదలకుండా ఉంటుంది. అమకతాడు టోల్‌గేటు వరుసలో ఐదు నిమిషాలు ఆగేసరికి ముప్పావు దాకా లేస్తుంది. గేటు దాటి నాలుగు కిలోమీటర్లు పోగానే మళ్లీ సగానికి దిగుతుంది. ఇంజన్ ఆగిపోలేదు, పొగ రాలేదు, ఎర్ర దీపమూ వెలగలేదు. అయినా ఆ ముల్లు మీది నుంచి చూపు తిప్పుకోలేని పరిస్థితి.

ఇదే సంగతి మూడు షెడ్లలో చెబితే మూడు జవాబులు వస్తాయి. ఒకరు సెన్సార్ పోయిందంటారు, ఒకరు థర్మోస్టాట్ (తగినంత వేడెక్కాకే రేడియేటర్ దారి తెరిచే వాల్వు) అంటారు, మరొకరు కూలెంట్ (ఇంజన్ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్లే ద్రవం) మార్చి చూద్దామంటారు. ఈ మూడింటిలో ఏదైనా నిజం కావచ్చు కాబట్టే చిక్కు. ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది, ముల్లు మాత్రం ఊగుతూనే ఉంటుంది.

ముల్లు చూపేది ఎక్కడి వేడి?

ఇంజన్ మొత్తం వేడిని ముల్లు చూపదు. సిలిండర్ హెడ్ (ఇంజన్ దిమ్మె పైభాగం) దగ్గరో, థర్మోస్టాట్ గూడు దగ్గరో బిగించిన చిన్న సెన్సార్ మొన, తనను తాకుతున్న కూలెంట్ ఎంత వేడిగా ఉందో చెబుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ సెన్సార్‌లో విద్యుత్ నిరోధం తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు ఉండే నిరోధం 100 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి రెండు వందల ఓమ్‌ల పరిసరాలకు పడిపోతుంది. మీటరుకు అందే కబురు అదొక్కటే.

దీనివల్ల రెండు పరిణామాలు. సెన్సార్ మొన చుట్టూ కూలెంట్ లేకపోతే ముల్లు మాట నమ్మడానికి లేదు. కూలెంట్ బాగా తగ్గినప్పుడు మొనకు గాలి గానీ ఆవిరి గానీ తగులుతుంది, ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కిందికి జారవచ్చు. ఘాట్ ఎక్కుతూ ముల్లు ఎర్రగీత దాకా పోయి ఉన్నట్టుండి పడిపోతే అది చల్లబడిందన్న గుర్తు కాకపోవచ్చు. హెడ్లు వంగిపోయేది చాలాసార్లు ఇలాంటి పొరపాటు దగ్గరే. వైరు, ఎర్త్, కనెక్టర్ బాగాలేకపోతే వేడి మారకుండానే ముల్లు కదలడం రెండో పరిణామం.

ఇంకో సంగతి. నేటి కార్లలో చాలావాటికి కంపెనీలు ముల్లును కావాలనే మందగింపజేశాయి. కూలెంట్ సుమారు 80 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ముల్లు నడిమధ్యనే నిలుస్తుంది. అలాంటి కారులో ముల్లు కదిలిందంటే లోపల వేడి అప్పటికే చాలా దూరం జరిగిందని అర్థం. పాత కార్లలో కొద్దిగా ఊగడం మామూలే: ఫ్యాన్ తిరిగినప్పుడు కాస్త దిగుతుంది, ఆగినప్పుడు కాస్త లేస్తుంది. కొన్ని చిన్న కార్లలో ముల్లే ఉండదు, నీలం, ఎర్ర దీపాలు మాత్రమే. వాటిలో ఎర్ర దీపం మినుకుమన్నా సరే, ముల్లు ఎర్రగీత చేరినట్టే లెక్క.

ఎండలో రేడియేటర్‌కు మిగిలే బలం

పెట్రోలు కాలినప్పుడు పుట్టే వేడిలో ఇంచుమించు మూడో వంతు కూలెంట్‌లోకి చేరుతుంది. దాన్ని బయటి గాలికి అప్పగించడమే రేడియేటర్ పని. ఎంత అప్పగించగలదన్నది కూలెంట్ వేడికీ బయటి గాలి వేడికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. కూలెంట్ 95 డిగ్రీల దగ్గరుందనుకుందాం. బెంగళూరులో గాలి 28 డిగ్రీలుంటే తేడా 67. కర్నూలులో 43 ఉంటే తేడా 52. అంటే అదే రేడియేటర్, అదే కారు, అదే వేగం. చల్లార్చే బలం మాత్రం ఐదో వంతుకు పైగా తగ్గిపోయింది.

ఏసీ వేస్తే లెక్క ఇంకా మారుతుంది. ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ, అంటే కండెన్సర్, రేడియేటర్‌కు ముందు ఉంటుంది. దాని గుండా వచ్చేసరికే గాలి మరికాస్త వేడెక్కుతుంది. తారు రోడ్డు మీది వేడి దీనికి అదనం. రేడియేటర్‌ను తాకే గాలి 55 డిగ్రీలకు చేరితే తేడా 40కి పడిపోతుంది. కంపెనీలు ఇంతటి ఎండను లెక్కలో పెట్టుకునే రేడియేటర్ తయారుచేస్తాయి కాబట్టి, కొత్త కారుకు అనంతపురం ఎండలోనూ ఏమీ కాదు. ఎనిమిదేళ్ల కారులో రేడియేటర్ నాలుగో వంతు మూసుకుపోయి ఉంటే చలికాలంలో ఎవరికీ తెలియదు. మార్చి నుంచి జూన్ దాకా ఆ లోపం ముల్లు మీద కనబడుతుంది. కొత్తగా పుట్టిన లోపంగా కనిపించేది అప్పటికే చాలాకాలంగా దాగి ఉండవచ్చు. షెడ్డులో చెప్పేటప్పుడు "నిన్నటి నుంచి" అనడం కంటే "ఎండలు ముదిరినప్పటి నుంచి" అని చెప్పడం మెకానిక్‌కు ఎక్కువ ఉపయోగం.

ఎప్పుడు లేస్తోంది, ఎప్పుడు దిగుతోంది

ఆగినప్పుడు లేచి, కదలగానే దిగితే అనుమానం గాలి మీద. కడప ఏడు రోడ్ల కూడలిలోనో, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరో ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు రేడియేటర్‌కు ఫ్యాన్ గాలే దిక్కు. ఫ్యాన్ మోటార్ బ్రష్‌లు అరిగినా, దానికి కరెంటు కలిపే రిలే అంటుకోకపోయినా, ఫ్యూజు పోయినా ముల్లు లేస్తుంది. రెండు వేగాల ఫ్యాన్ ఉన్న కార్లలో తక్కువ వేగానికి వాడే రెసిస్టర్ కాలిపోవడం ఒక ప్రత్యేకమైన కేసు. అప్పుడు ఫ్యాన్ అసలు తిరగదని కాదు. వేడి బాగా ముదిరాక పెద్ద వేగంతో ఒక్కసారిగా తిరుగుతుంది, ముల్లు దిగుతుంది, ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. నిలబడిన కారులో ముల్లు ఉయ్యాలలా ఊగుతుంటే ముందు దీన్నే చూడాలి.

హైవే మీద వేగం పెరిగినప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడూ లేస్తే గాలికి కొదవ లేదు, కూలెంట్ ప్రవాహానికే కొదవ. రేడియేటర్ లోపల మూసుకుపోవడం, వాటర్ పంపు రెక్కలు అరగడం, బెల్టు జారడం, రేడియేటర్ కింది గొట్టం మెత్తబడి లోపలికి ముడుచుకుపోవడం ఈ కోవలోవి. అయితే ఘాట్ రోడ్డు విషయం కాస్త వేరు. కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో లారీ వెనుక రెండో గేరులో ఎక్కుతున్నప్పుడు ఇంజన్ మీద బరువు ఎక్కువ, కారు వేగం తక్కువ. వేడి పుట్టడం పెరుగుతుంది, ఎదురుగాలి తగ్గుతుంది. గాలి లోపం, నీటి లోపం రెండూ అక్కడ ఒకేసారి బయటపడతాయి. ఏసీ ఆపిన రెండు మూడు నిమిషాల్లో ముల్లు దిగితే, రేడియేటర్ తన హద్దు దగ్గర పనిచేస్తోందని అర్థం. ఏసీ ఆపినా దిగకపోతే సంగతి ముదిరిందన్నమాట.

హైవే మీద ముల్లు మామూలు కంటే కిందికి దిగి, ఊళ్లోకి రాగానే సగానికి చేరితే ఎవరూ పట్టించుకోరు, చల్లగానే ఉంది కదా అనుకుంటారు. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున ఇది స్పష్టంగా తెలుస్తుంది. మైలేజీ తగ్గడం దీనికి తోడు వచ్చే లక్షణం. ఇందుకు విరుద్ధంగా, పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికి ముల్లు పైదాకా పోయి, ఒక్కసారిగా దిగి, ఆ తర్వాత సరిగ్గా నడిస్తే థర్మోస్టాట్ బిగుసుకుని ఆలస్యంగా తెరుచుకుంటోంది. లోపలి మైనం కరిగి వ్యాకోచిస్తేనే అది తెరుచుకుంటుంది. చాలా కార్లలో అది 82 నుంచి 92 డిగ్రీల మధ్య జరగాలి.

ఇక కన్ను మూసి తెరిచేలోగా ముల్లు ఎగిరిపడటం. ఇంజన్ దిమ్మె, హెడ్, ఐదారు లీటర్ల కూలెంట్ కలిసి ఒక్క సెకనులో 30 డిగ్రీలు వేడెక్కడం గానీ, చల్లారడం గానీ జరిగే పని కాదు. కాబట్టి అలాంటి కదలిక విద్యుత్తుదే: వదులైన కనెక్టర్, తుప్పుపట్టిన ఎర్త్, చిట్లిన వైరు. హెడ్‌లైట్లు వేసినప్పుడు ముల్లు మారితే ఎర్త్ చూడాలి. పాత కార్లలో పెట్రోలు ముల్లు కూడా దానితోపాటే ఊగితే మీటరుకు వచ్చే వోల్టేజిని చూడాలి. కూలెంట్ తగ్గి సెన్సార్ మొన బయటపడటం కాక, దీనికి మరో మినహాయింపు ఉంది. కూలెంట్‌లో గాలి బుడగ చిక్కుకుంటే, అది సెన్సార్ మొనను దాటినప్పుడల్లా ముల్లు చకచకా లేచి పడుతుంది. వాటర్ పంపో, గొట్టమో మార్చిన వారం లోపే ఊగడం మొదలైతే, కొత్త సామాను బాగాలేదనుకోవడానికి ముందు గాలి సరిగా తీశారా లేదా అని అడగాలి.

బండల సీమ, బోరు నీళ్లు

ఇంటి ముందు పరిచే కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాయి జాతివి. ఎర్రగుంట్ల, తాడిపత్రి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసిందీ ఆ రాయి కోసమే. అలాంటి నేలలో ఇంకిన వాన నీరు సున్నాన్ని కరిగించుకుని బోరులోకి చేరుతుంది. అనంతపురం వైపు నేల ఎక్కువగా గ్రానైటు జాతి రాళ్లది. అక్కడ ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లే, ఆవిరయ్యేది ఎక్కువ. అందుకే లోతు బోర్ల నీళ్లలో లవణాలు పేరుకుంటాయి. కారణాలు వేరైనా రెండు చోట్లా నీరు కఠినజలమే.

ఆ నీళ్లు కాగితే ఏమవుతుందో ప్రతి ఇంట్లో తెలిసిందే. నీళ్లు కాచే గిన్నె అడుగునా, హీటర్ కడ్డీ మీదా తెల్లగా గట్టిగా పొర కడుతుంది. కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారడమే ఆ పొర. రేడియేటర్ సన్న గొట్టాల్లో, సిలిండర్ హెడ్ చుట్టూ ఉండే నీటి దారుల్లో జరిగేదీ అచ్చంగా ఇదే. అల్యూమినియంతో పోలిస్తే ఈ సున్నపు పొర వేడిని దాటించే శక్తి సుమారు వందో వంతు. పొర కాగితమంత మందం ఉన్నా, లోపలి వేడి బయటికి రావడానికి అది అడ్డుగోడే.

ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటుంది. ఒక్కసారి బోరు నీళ్లు పోసి మూత బిగిస్తే ఆ ఐదారు లీటర్లలో ఉన్నంత సున్నమే పొరకడుతుంది, అక్కడితో సరి. అసలు నష్టం లీకేజీ ఉన్న కారుకు వారానికోసారి అర లీటరు పోస్తూ పోవడంతో వస్తుంది. పోసిన ప్రతిసారీ కొత్త సున్నం లోపలికి పోతుంది. పైగా కూలెంట్‌లోని తుప్పు నిరోధక రసాయనాలు పలచబడి, అల్యూమినియం లోపలి నుంచి తినేయబడుతుంది. లీకేజీ ఆపకుండా నీళ్లు పోయడమే రాయలసీమ కార్లకు జరుగుతున్న పెద్ద అన్యాయం.

దారిలో తప్పనిసరైతే బోరు నీళ్ల కంటే మినరల్ వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లు మేలు. షెడ్డులో కలిపేటప్పుడు మాత్రం డిస్టిల్డ్ వాటరే వాడాలి. చిక్కటి కూలెంట్ కొంటే దాన్ని అలాగే పోయడం కూడా తప్పే. అందులోని ముఖ్య ద్రవమైన గ్లైకాల్ ఒట్టిగా ఉంటే నీటి కంటే తక్కువ వేడిని మోస్తుంది. సగం సగం కలపడం సాధారణ పద్ధతి. ముందే కలిపి అమ్మే డబ్బాకు మళ్లీ నీళ్లు కలపకూడదు. రంగు ఒకటైనంత మాత్రాన రెండు కూలెంట్లు ఒకే రకం కావు. ఓనర్ మాన్యువల్‌లో రాసిన రకమే ప్రమాణం.

బయటి వైపు దుమ్ము సంగతి. నల్లరేగడి దుమ్ము, ఆదోని చుట్టుపక్కల పత్తి నూగు, వేరుశనగ నూర్పిళ్లప్పుడు గాలికి లేచే పొట్టు, ఇవన్నీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చేరతాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. టార్చ్ వేసి పక్క నుంచి చూస్తే తప్ప ఆ పొర కంటపడదు. కడిగేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. వాటర్ సర్వీసు తుపాకీని దగ్గరగా పెడితే సన్నని రెక్కలు వంగి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

షెడ్లలో చేసే రెండు సర్దుబాట్లు

"మన ఎండలకు థర్మోస్టాట్ అవసరం లేదు, తీసేద్దాం" అన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. పైకి సబబుగానే తోస్తుంది. కానీ కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్‌కు రెండు బిళ్లలుంటాయి: ఒకటి రేడియేటర్ దారి తెరుస్తుంటే, రెండోది ఇంజన్ లోపలే తిరిగే అడ్డదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్‌లో చుట్టూ తిరుగుతుంది. చల్లబరచడానికని చేసిన పని ఎండలో వేడిని పెంచుతుంది. అడ్డదారి లేని ఇంజన్లలో తిప్పలు మరో రకం: ఇంజన్ తగినంత వేడెక్కదు, కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

రెండోది ఫ్యాన్‌ను డైరెక్ట్ చేయడం. స్విచ్ వేస్తే తిరిగేలా వైరు లాగుతారు. ఊరు చేరడానికి అత్యవసరంగా చేస్తే తప్పు పట్టలేం. శాశ్వతంగా వదిలేస్తే రిలేలో గానీ సెన్సార్‌లో గానీ ఉన్న అసలు లోపం కప్పబడిపోతుంది. మోటార్ ఆగకుండా తిరిగి త్వరగా కాలిపోతుంది. సరైన ఫ్యూజు పెట్టకపోతే వైరు కాలే ప్రమాదం అన్నిటికంటే పెద్దది.

పరీక్ష ఏ వరుసలో జరగాలి

ఖర్చు లేనివి ముందు, తక్కువ ఖర్చువి తర్వాత, ఇంజన్ విప్పేవి చివర. పొద్దున చల్లటి ఇంజన్ మీద డబ్బాలో కూలెంట్ మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉందా చూడాలి. రేడియేటర్‌కు విడిగా మూత ఉన్న కార్లలో డబ్బా ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. మూతలోని చిన్న వాల్వు చెడిపోతే, డబ్బా నిండుగా ఉండగానే రేడియేటర్ ఖాళీ అవుతుంది.

ఆ మూత గురించే మరో మాట. ఈ మొత్తం వ్యవస్థలో ఇంత చవకైనది, ఇంతగా నిర్లక్ష్యానికి గురయ్యేది వేరే లేదు. లోపల సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలబెట్టడం దాని పని. ఆ ఒత్తిడిలో మామూలు నీరు 120 డిగ్రీల దాకా, సగం సగం కూలెంట్ దాదాపు 130 దాకా మరగవు. మూత స్ప్రింగు బలహీనపడితే అదే కూలెంట్ 107 దగ్గరే మరగడం మొదలవుతుంది. హెడ్ దగ్గర ఆవిరి బుడగలు లేస్తాయి, ముల్లు ఊగుతుంది. సెన్సార్లు, థర్మోస్టాట్‌లు మార్చి విసిగిన తర్వాత మూత మార్చగానే సర్దుకున్న కార్లు లేకపోలేదు. వేడి మీద మూత తెరవకూడదనడానికి కారణమూ ఇదే. తెరిచిన క్షణంలో ఒత్తిడి పోయి, 110 డిగ్రీల కూలెంట్ ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

తర్వాత ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. ఒకే ఫ్యాన్ ఉన్న కారులో ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే మోటార్ మంచిదే. లోపం దానికి ఆజ్ఞ ఇచ్చే వైపు ఉంది. ఆ పైన స్కానర్. స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలించే చిన్న బ్లూటూత్ స్కానర్ అయినా కూలెంట్ డిగ్రీలను అంకెల్లో చూపుతుంది. అంకె నిలకడగా ఉండి ముల్లు ఊగితే లోపం మీటరులోనో, దాని వైర్లలోనో ఉంది. రెండూ కలిసి ఊగితే వేడి నిజంగానే మారుతోందో, సెన్సారే తప్పు చెబుతోందో తేల్చాలి. అందుకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను రేడియేటర్ పై గొట్టం రబ్బరు మీదికి చూపితే చాలు. మెరిసే లోహం మీద అది తప్పు చూపుతుంది. స్కానర్‌లో పీ0128 కోడ్ వస్తే ఇంజన్ తగినంత వేడెక్కడం లేదని, అంటే ముందుగా థర్మోస్టాట్‌ను చూడాలని. పీ0119 వస్తే సెన్సార్ సర్క్యూట్ అప్పుడప్పుడు తెగుతోందని. పీ0118 వస్తే సర్క్యూట్ తెగి ఉందని. అప్పుడు కంప్యూటర్ లెక్కలో కూలెంట్ మైనస్ 40 డిగ్రీలు, చాలా కార్లలో ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది.

ఇవన్నీ తేలాకే హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ ఇంజన్ దిమ్మెకూ మధ్య ఉండే సీలు) మాట ఎత్తాలి. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై గొట్టం రాయిలా గట్టిపడితే, సిలిండర్‌లోని మంట వాయువు కూలెంట్‌లోకి దూరుతోందన్న అనుమానం బలమైనది. రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, ఆయిల్ పాల టీలా మారడం, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ తోడు లక్షణాలు. షెడ్డులో నీలం ద్రవంతో చేసే పరీక్ష ఒకటుంది: రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా లాగితే, మంట వాయువు ఉన్నప్పుడు అది పసుపు రంగుకు మారుతుంది. హెడ్ విప్పమని ఒప్పుకునే ముందు ఈ పరీక్ష చేయమని అడిగి తీరాలి.

దారిలో ముల్లు ఎర్రగీత చేరితే

ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడిలో, పూర్తి గాలిలో పెట్టాలి. ఎండాకాలంలో అది నరకమే, కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటర్. అప్పుడు లోపలికి చల్లగాలి వస్తే కూలెంట్ తగ్గిందని, లేదా గాలి చిక్కుకుందని దాదాపు నిర్ధారణే. అలాంటప్పుడు ఇంకో కిలోమీటరు కూడా పోకుండా పక్కకు ఆపి ఇంజన్ కట్టేయాలి. కనీసం అరగంట ఆగాలి. మండుతున్న ఇంజన్ మీద చన్నీళ్లు పోస్తే హెడ్ పగలవచ్చు.

రిపేరు అయ్యాక

పని పూర్తయిందని తెలుసుకోవడానికి ఊళ్లో ఒక చుట్టు చాలదు. ఏసీ ఆపి, ఇంజన్ నడుస్తుండగా పదిహేను నిమిషాలు నిలబెట్టి, ఫ్యాన్ కనీసం రెండుసార్లు తిరిగి ఆగడం చూడాలి. ఆ తర్వాత ఎత్తు ఉన్న రోడ్డు మీద నడపాలి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద మట్టం చూసి డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టాలి. గాలి పూర్తిగా పోయేదాకా మొదటి రెండు రోజులు కాస్త దిగడం మామూలే. వారం తర్వాత కూడా గీత నుంచి దిగుతూనే ఉండి, కారు కింద ఎక్కడా తడి లేకపోతే, కూలెంట్ ఇంజన్ లోపలికే పోతుండవచ్చు. నీలం ద్రవం పరీక్ష మళ్లీ చేయించాల్సిందే.